డిజైన్ సూత్రాలు – ఇంద్రియానుభవం: దామరచర్ల, మిర్యాలగూడ, సూర్యాపేట పరిసరాలు

సమతూకం, లయ, ప్రమాణం, వైరుధ్యం, ప్రాధాన్యం, ఏకత్వం మొదలైనవాటిని డిజైన్ సూత్రాలంటారు. గుడి కట్టినా, చీర నేసినా, పుస్తకానికి అట్ట వేసినా ఇవే పనిచేస్తాయి. పాఠ్యపుస్తకాల్లో వీటిని గీతలతో, రంగులతో, బొమ్మలతో నేర్పుతారు కాబట్టి ఇవి కంటికి సంబంధించిన సంగతులన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. అది సగం నిజమే. చెవి, చర్మం, ముక్కు, నాలుక, ఒంటి కదలిక కూడా ఈ సూత్రాలను పట్టుకుంటాయి. కొన్నిచోట్ల కంటికన్నా ముందే పట్టుకుంటాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో కృష్ణకు దగ్గర్లో ఉన్న దామరచర్ల మొదలుకొని మిర్యాలగూడ, సూర్యాపేట, పానగల్లు, పుట్టపాక దాకా ఉన్న గుళ్లు, తండాలు, మగ్గాలు ఇందుకు చక్కటి ఆధారాలు.

ప్రాంతం

దామరచర్ల నల్లగొండ జిల్లా మిర్యాలగూడ రెవెన్యూ డివిజన్‌లోని మండల కేంద్రం. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీద ఉంది. ఈ మండలంలోని వాడపల్లి దగ్గరే మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వంతెన దాటితే పల్నాడు. మండలంలో లంబాడీ తండాలు ఎక్కువ. వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల సామర్థ్యంతో తలపెట్టిన యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. సూర్యాపేట, కోదాడ 2016లో ఏర్పడ్డ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా గీతలు మారినా గుళ్ల చరిత్ర, నేత సంప్రదాయం, పండుగలు ఈ నేలంతటా ఒక్కటిగానే సాగుతున్నాయి.

ఆలోచన నేపథ్యం

డిజైన్ విద్యలో ఇంద్రియాలకు చోటు కల్పించిన వాటిలో జర్మనీలోని బౌహౌస్ పాఠశాల ముఖ్యమైనది. 1919లో వైమార్‌లో మొదలైన ఈ పాఠశాలలో జొహానెస్ ఇటెన్ తన ప్రాథమిక కోర్సులో కర్ర, రాయి, ఉన్ని లాంటి పదార్థాలను విద్యార్థుల చేతికిచ్చి తడిమించేవాడు. 1923లో ఆ కోర్సు మొహోలీ నాజ్ చేతికి వచ్చాక, గరుకు నుంచి నునుపు దాకా వరసగా అతికించిన స్పర్శ పలకలను విద్యార్థులే తయారుచేసేవారు. వేళ్లతో చదివే స్వరమాలికల్లాంటివి అవి.

మన దేశంలో ఈ చర్చకు మొదటి పేజీ ఒక చెంబు. 1958లో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన ఇళ్లలోని చెంబును అపురూపమైన డిజైన్‌గా ఎత్తి చూపారు. దాని ఆకారం గురించే మాట్లాడి ఊరుకోలేదు. నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు దాని తూకం ఎలా మారుతుంది, చంకలో ఎలా ఇముడుతుంది, తగిలితే ఎలా మోగుతుంది, చేతికి ఎంత చల్లగా తగులుతుంది అని ఆరా తీశారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది. అయితే ఈమ్స్ దంపతులు చెంబును చూసి ఆశ్చర్యపోయారే గాని, చెంబు కొనే మన ఇల్లాళ్లు ఆ పరీక్షలన్నీ అంగడి ముందు నిలబడి ఎప్పుడూ చేస్తూనే ఉన్నారు. కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో తట్టి విన్న తర్వాతే బేరం మొదలుపెడతారు.

చెవి: పిల్లలమర్రి స్తంభాలు

హైదరాబాద్–విజయవాడ రహదారికి చేరువలో, సూర్యాపేట పక్కనే ఉన్న ఊరు పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్డి ప్రభువులు ఇక్కడ గుళ్లు కట్టించారు. నామిరెడ్డి పేర వెలసిన నామేశ్వరాలయం 1202 నాటిది. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించిన ఎరకేశ్వరాలయం 1208 నాటిది. ఈ రేచర్ల వంశానికే చెందిన రుద్రుడు 1213లో కట్టించిన పాలంపేట రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. రామప్పకు దక్కిన పేరులో పదోవంతు కూడా పిల్లలమర్రికి దక్కలేదు. దారి పక్కనే ఉండి కూడా దాటిపోయే బస్సులకు ఇది కనబడని ఊరు.

మంటపంలోని నల్లరాతి స్తంభం దగ్గర నిలబడి చూస్తే కింది నుంచి పైకి ఒక క్రమం కనిపిస్తుంది. అడుగున చదరపు దిమ్మె, దాని మీద పలకలు తీరిన భాగం, ఆపైన తరిమెన పట్టినట్టు గుండ్రటి కట్లు, మళ్లీ చదరం. లావు, సన్నం, లావు. కంటికి ఇది లయ. అదే స్తంభాన్ని వేలి కణుపుతో తడితే మోగుతుంది. తట్టే చోటు మారితే నాదం మారుతుంది. చూసిన లయే వినబడుతోందా అనిపించే క్షణం అది. సప్తస్వరాలూ పలుకుతాయని స్థానికులు గర్వంగా చెప్పే మాటను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. ఒకే రాయి పలు శ్రుతుల్లో మోగడమే చాలినంత విశేషం.

దీని వెనక కారణం తెలిసిందే. రేణువులు సన్నగా, దట్టంగా, పగుళ్లు లేకుండా ఉన్న రాయి దెబ్బ తగిలినప్పుడు కంపాన్ని మింగేయకుండా కాసేపు నిలుపుకుంటుంది. రాతి పొడవు, మందం, రెండు కొసలూ ఎంత బిగువుగా కూర్చున్నాయన్నది కలిసి శ్రుతిని తేలుస్తాయి. లోపల బీట ఉంటే నాదం మొద్దుబారిపోతుంది. కాబట్టి మోగే స్తంభం అంటే లోపం లేని స్తంభం అన్నమాట. శిల్పి చెవికి అది మొదట నాణ్యత పరీక్ష, ఆ తర్వాతే సంగీతం.

ఈ పరీక్ష శాస్త్రాలకెక్కింది. శిల్పశాస్త్ర గ్రంథాలు రాతిని పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని మూడు రకాలుగా విడదీశాయి. ఆ విభజనకు ఒక ఆధారం ధ్వని. గంటలా గంభీరంగా మోగేది మొదటిది, కంచు తాళంలా పలికేది రెండోది, మోగనిది మూడోది. మొదటిదానితో మూలమూర్తిని, రెండోదానితో పీఠాన్ని, మూడోదానితో పునాదిని చేయాలన్నారు. ఏ రాయి ఎక్కడ కూర్చోవాలో, అంటే గుడిలో దేనికెంత ప్రాధాన్యమో, ఉలి పెట్టకముందే చెవి నిర్ణయించేది. ప్రాధాన్యం అనే సూత్రానికి ఇంతకన్నా కచ్చితమైన ఉదాహరణ ఏ డిజైన్ పాఠ్యపుస్తకంలోనూ లేదనే చెప్పాలి.

కాకతీయుల కాలంలో లయ రాతి దగ్గరే ఆగలేదు. గణపతిదేవుని గజసేనాని జాయప 1253–54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఆ గ్రంథాన్నీ, రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో పేరిణి నృత్యానికి తిరిగి ప్రాణం పోశారు. శిల్పంలో ఆగిన భంగిమ మళ్లీ కాలి గజ్జెల్లోకి వచ్చింది. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరకు పోతే లయను చదవనవసరమే లేదు. గజ్జెల లాగులు తొడిగిన యాదవులు, భేరీల మోత, ఒక్క గొంతుగా లేచే లింగని పిలుపు కలిసి నేలను అదరగొడుతుంటే అది అరికాళ్ల నుంచి పైకెక్కుతుంది.

కన్ను: నీడ, దీపం

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో కందూరు చోళుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం ఇది. వాటిలో ఒకదానిలో శివలింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభపు నీడ పగలంతా కనిపిస్తుంది. సూర్యుడు నడిచినా నీడ నడవదు. ఎదురుగా ఆ నీడ పడేలా ఏ ఒక్క స్తంభమూ లేదు. సూర్యాపేటకు చెందిన ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు నమూనా కట్టి దీన్ని వివరించారు. మంటపంలోకి నేరుగా ఎండ రాదు, పలు దిక్కుల నుంచి చెదిరిన వెలుతురు వస్తుంది. స్తంభాలు ఆ వెలుతురును అడ్డుకునే తీరులో పలుచటి నీడలు ఒకదాని మీద ఒకటి పడి మధ్యలో చిక్కబడతాయి. వెలుతురు సూర్యుడి నుంచి నేరుగా రావడం లేదు కాబట్టి నీడకు కదిలే పని లేదు.

ఇక్కడ రాయి కన్నా ఖాళీయే ఎక్కువ పని చేసింది. స్తంభాల మధ్య వదిలిన జాగా, గోడ దాకా ఉన్న దూరం లెక్క తప్పితే నీడ చెదిరిపోయేది. ఖాళీతో ప్రాధాన్యం తేవడం ఈ నేలకు కొత్త కాదు. తొలి బౌద్ధ శిల్పులు బుద్ధుడి రూపం చెక్కకుండా ఖాళీ ఆసనం, పాదముద్రలు, చక్రం, బోధివృక్షం చెక్కి చూపును అక్కడికే రప్పించారు. అలాంటి బౌద్ధ శిల్పసంపద సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో బయటపడింది. అక్కడి తోరణ శిల్పాన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శించారు.

వాడపల్లి సంగతి వేరు. సంగమం దగ్గర లక్ష్మీనరసింహస్వామి గుడిలో రెండు దీపాలను చూడమంటారు. స్వామి ముఖానికి సమంగా ఉన్న దీపం రెపరెపలాడుతుంది, కిందిది నిలకడగా వెలుగుతుంది. పైది స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసాలకే కదులుతోందని భక్తుల నమ్మకం. నమ్మకం సంగతి అలా ఉంచి అమరికను చూడండి. పై దీపం ఒక్కటే ఉంటే గాలికి ఊగుతోందని దాటిపోతాం. కింద కదలని దీపం ఉండబట్టే పైదాని కదలికకు అర్థం వచ్చింది. వైరుధ్యం అంటే ఇదే. ఇక్కడ కన్ను చూసేది వెలుగునే అయినా మనసుకు తోచేది ఊపిరి. అదే ఊళ్లోని అగస్త్యేశ్వరాలయంలో లింగం తల మీద ఎప్పుడూ నీళ్లుండే బిలం ఉంది. వేటగాడి నుంచి పక్షిని కాపాడేందుకు శివుడు తన తలలోంచే మాంసం ఇచ్చాడని, లింగం మీదివి ఆ వేటగాడి వేలిగుర్తులని స్థలపురాణం. కథ మొత్తం స్పర్శ మీదే నిలబడింది.

చేయి: కాంచళి, ఆసు, నోటు మీది గీతలు

దామరచర్ల తండాల్లో పెద్ద వయసు ఆడవాళ్ల పెట్టెల్లో ఇప్పటికీ కాంచళి, ఫేటియా, టుక్రి ఉంటాయి. కాంచళి రవిక, ఫేటియా లంగా, టుక్రి తలమీది ముసుగు. రోజూ చీరలు కట్టేవాళ్లు కూడా తీజ్‌కో పెళ్లికో వీటిని తీస్తారు. లంబాడీ కుట్టుపనిని ఫొటోలో చూసేవాళ్లకు అద్దాల తళుకే కనిపిస్తుంది. కళ్లు మూసుకుని అరచేయి ఆనిస్తే పద్ధతి బయటపడుతుంది. చల్లగా, నున్నగా అద్దం. దాని చుట్టూ ఉబ్బుగా, గరుకుగా దారపు కట్టు. తర్వాత మెత్తటి గుడ్డ, మళ్లీ అద్దం. అంచుకు వస్తే గవ్వలు, పూసలు, బిళ్లలు. చల్లన–గరుకు–మెత్తన అన్న ఈ వరస తప్పకుండా తిరిగి వస్తుంటుంది. రంగులు చూడకుండానే కుట్టిన మనిషి లెక్క చేతికి అందుతుంది.

బరువుదీ ఒక లెక్కే. కాంచళి ముందు భాగమంతా అద్దాలతో, బిళ్లలతో బరువుగా ఉంటే వెనక వీపు మీద నాడాలే ఉంటాయి. ఆ తేడాను సరిచేసేది తల మీద నుంచి వీపు మీదికి జారే టుక్రి. కాగితం మీద చూపే సమతూకానికి బరువుండదు, ఇక్కడ మెడా భుజాలూ తూచి చెబుతాయి. నడిస్తే గవ్వలు, కాళ్ల కడియాలు కలిసి మోగుతాయి. దుకాణాల్లో ఇప్పుడు దొరికే ‘లంబాడీ వర్క్’ సంచుల్లో చాలావాటిని తడిమితే ఇవేవీ తగలవు. ప్లాస్టిక్ అద్దాలు జిగురుతో అతికించి ఉంటాయి. బొమ్మ మిగిలింది, వస్తువు పోయింది.

స్పర్శకు తనదైన కొలత ఉంది. వేలికొన మీద రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు మొనలను వేర్వేరుగా గుర్తుపట్టగలం. వీపు మీద అవి సుమారు నాలుగు సెంటీమీటర్లు ఎడంగా ఉంటేనే రెండని తెలుస్తుంది. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెబర్ ఈ తేడాలను కొలిచాడు. బ్రెయిలీ చుక్కల మధ్య దూరం దాదాపు 2.5 మిల్లీమీటర్లు ఉండడం వేలికొన హద్దుకు సరిపోయిన ప్రమాణం. 2016 నుంచి వచ్చిన మహాత్మా గాంధీ కొత్త శ్రేణి నోట్లను జేబులోంచి తీసి చూడండి. వంద నోటు అంచున 4, అయిదు వందల నోటు అంచున 5 ఉబ్బెత్తు గీతలుంటాయి. చూపులేనివారి కోసం పెట్టిన గీతలివి. కొత్త నోటు మీద బాగానే తగులుతాయి. నలిగి నలిగి మెత్తబడిన నోటు మీద వాటిని పట్టుకోవడం కష్టం. వాడకంలో అరిగిపోయే డిజైన్‌ను పూర్తయిన డిజైన్ అనలేం.

కదలిక కూడా ఒక ఇంద్రియమే. పోచంపల్లి, పుట్టపాక చీరల్లో అద్దం పట్టినట్టుండే పునరావృత్తి వెనక ‘ఆసు పోయడం’ ఉంది. అర్ధచంద్రాకారపు చట్రం మీద మేకుల చుట్టూ దారాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడించాలి. ఈ పని ఎక్కువగా చేసింది ఇంటి ఆడవాళ్లు. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చీర మీద మనం మెచ్చుకునే లయ, నేసే ఇంట్లో ఒకరి భుజం నొప్పి. డిజైన్ గురించిన పుస్తకాలు మొదటిదాన్నే రాస్తాయి.

ముక్కు: తేలియా రుమాలు

వాసనను డిజైన్‌లో భాగంగా లెక్కించే సంప్రదాయాలు అరుదు. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అలాంటి అరుదైన వస్తువు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. అలా చేస్తే రంగు దారం లోపలికి దిగుతుంది, బట్ట మెత్తబడుతుంది, నూనె వాసన మిగిలిపోతుంది. పేరు కూడా ఆ నూనె వల్ల వచ్చిందే. ఎరుపు, నలుపు, తెలుపు దాటి రంగులు పెద్దగా ఉండవు. చిటికి కట్టి అద్దకం చేయడం వల్ల ఆ మూడు రంగులు కలిసేచోట అంచు కత్తిరించినట్టు ఉండదు, కాస్త చెదురుతుంది. ఈ చెదురు లేకపోతే ఇంత గట్టి వైరుధ్యం కంటిని గుచ్చేది. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఈ రుమాళ్లు ఓడల్లో వెళ్లేవి. అక్కడివాళ్లు తలకు చుట్టుకునేవారు. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అచ్చు గుద్దిన నకలును అసలు నుంచి వేరుచేయడానికి నిపుణుడు అక్కర్లేదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు. రూపాన్ని యంత్రం దొంగిలించగలిగింది గాని ఆ వాసనను దొంగిలించలేకపోయింది.

ఒళ్లు: జాన, మూర, నాపరాయి

ప్రమాణం అన్న సూత్రం పుట్టింది శరీరంలోనే. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అన్నీ చేతి కొలతలే. శిల్పులు ముఖం పొడవును ‘తాళం’గా తీసుకుని నవతాళం, దశతాళం అని విగ్రహాల ఎత్తు నిర్ణయించారు. మిర్యాలగూడ బజారులో పూలమ్మే ఆమె ఇవాళ్టికీ మోచేతికి దండ ఆనించి మూర లెక్కే అమ్ముతుంది. కొనేవాళ్లు ఆమె చేయి పొట్టిదని గొణగడం కూడా పాత అలవాటే.

పల్నాడులోనూ ఈ వైపు ఊళ్లలోనూ ఇళ్లకు నాపరాళ్లు పరవడం మామూలు. వేసవి మధ్యాహ్నం బయటి ఎండలోంచి వచ్చి ఆ నేల మీద కాలు పెడితే ఇంట్లోకి వచ్చామని ముందు చెప్పేది పాదమే. రాయి ఒంటి వేడిని వేగంగా లాగేసుకుంటుంది కాబట్టి చల్లగా తగులుతుంది. కర్ర గడప మీద ఆ చల్లదనం ఉండదు. ఎండ, గడప, రాయి అన్న ఈ మార్పును గీసి చూపించలేం. దీనికి పూర్తిగా ఎదురు అనుభవం థర్మల్ కేంద్రం పొగగొట్టాలది. చుట్టూ పొలాలు, తాటిచెట్లు, ఒక అంతస్తు ఇళ్లు ఉన్నచోట అవి ఏ ఒంటి కొలతకూ అందవు. అవి ఎంత దూరంలో ఉన్నాయో దారిన పోయేవాడికి అంచనా దొరకదు.

అన్నీ కలిసేచోటు: బతుకమ్మ

ఈ సూత్రాలన్నీ ఒకే వస్తువులో కనబడాలంటే బతుకమ్మ పేర్చేటప్పుడు పక్కన కూర్చోవాలి. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, రంగుల్లో ముంచిన గునుగు, తంగేడు, బంతి, కట్లపూలు వరస మీద వరసగా పేరుస్తారు. ప్రతి వరసా కిందిదానికన్నా కొంచెం చిన్నది. వలయం ఎటు తిప్పినా ఒకేలా ఉండాలి, లేకపోతే ఒరిగిపోతుంది. ఇక్కడ సమతూకం అందం కోసం మాత్రమే కాదు, నిలబడడం కోసం. పైన పసుపు గౌరమ్మ, చూపు చివరికి ఆగే చోటు. తర్వాత ఆడవాళ్లు చుట్టూ తిరుగుతారు. పూలలో ఉన్న వలయమే మనుషుల్లో మళ్లీ ఏర్పడుతుంది. వంగి కొట్టే చప్పట్లు, ప్రతి పాదం చివరా తిరిగి వచ్చే పల్లవి మాట, నలిగిన తంగేడు వాసన, చివర్లో పంచుకునే సద్దులు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. బతుకమ్మలో నాలుకకు చివరి సద్దులే దక్కుతాయి, దాని వాటా ఉగాది పచ్చడిలో ఎక్కువ. అందులో ఆరు రుచులూ సమపాళ్లలో ఉండాలన్నది నిజం కాదు. చేదు ఒక్క పలుకు ఎక్కువైతే పచ్చడి పాడవుతుంది, తీపి కాస్త ఎక్కువైనా ఎవరూ అడగరు. సమతూకం అంటే సమానం కాదని వంటింటికి తెలిసినంతగా డ్రాయింగు క్లాసుకు తెలియదు.

నేటి అవసరం

ఇంద్రియానుభవంగా డిజైన్‌ను చూడడం ముచ్చట కోసం కాదు, చట్టం కూడా అటే నడుస్తోంది. జపాన్‌కు చెందిన సెయిచి మియాకె 1965లో రూపొందించిన ఉబ్బెత్తు పలకలను 1967లో ఒకాయామా నగరంలో తొలిసారి దారిలో పరిచారు. గీతలుంటే నడవమని, చుక్కలుంటే ఆగమని. పాదం చదివే లిపి అది. మన దేశంలో 2015లో సుగమ్య భారత్ ప్రచారం మొదలైంది, 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. రైల్వే స్టేషన్లలో, కార్యాలయాల్లో పసుపు పలకలు కనిపిస్తున్నాయి. నేరుగా వెళ్లి స్తంభానికో, చెత్తకుండీకో తగిలే పలకల వరసలూ కనిపిస్తున్నాయి. కళ్లున్నవాళ్లు కళ్లతోనే చూసి సరిపెట్టుకున్న పని ఇలాగే ఉంటుంది. పిల్లలమర్రి శిల్పి అయితే తట్టి చూడనిదే రాయి దింపుకునేవాడు కాదు.

ఆ శిల్పి పని మనకు మిగలాలంటే చూసేవాళ్లు ఒక మర్యాద పాటించాలి. మోగే స్తంభాలున్న గుళ్లలో నాణేలతో, రాళ్లతో కొట్టి వినే అలవాటు ఉంది. కొట్టినచోటల్లా చెక్కడం అరిగి తెల్లటి మచ్చలు తేలతాయి, పగులు పడితే నాదం తిరిగి రాదు. పిల్లలమర్రికి వెళ్లేవారు అక్కడి పూజారినో, కాపలా మనిషినో అడిగి, వేలి కణుపుతో మెల్లగా ఒకసారి తట్టి వినండి. పిల్లలను వెంట తీసుకెళ్తే ముందు కళ్లు మూసుకుని తడమమనండి, ఫొటో తర్వాత తీసుకోవచ్చు.